చుట్టూ ఇండియానే

ఈ బజారుల పని తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నడని సారయ్య లెక్క. ఆ ఒక్కడూ తనే.

మిగిలినోళ్లను ఆయన రోజూ పొద్దున పెట్టె తెరుస్తూ కండ్లతోనే ఒకసారి తూచి అవతల పారేస్తడు. తను కూసునే దుకాణం సేటు, గొలుసు మీద ముద్ర లేకపోతె అది బంగారమో ఇత్తడో చెప్పలేడు. పక్క దుకాణపాయన అంతకుముందు ఎరువుల మందులు అమ్మిండు, ఇప్పుడు హారాలు అమ్ముతుండు, రెండూ ఒకే మొకంతోని అమ్ముతడు. ఇగ కొననీకె వచ్చే ఆడోళ్లు. బరువు ఉండొద్దు, మెడ నిండ కనవడాలె అంటరు. 'అయితె మెడ మీద రంగేసుకోరాదు' అని సారయ్య మీసాల కింద గొణుగుతడు.

సిద్దిపేటల లాల్‌కమాన్ దాటి నాలుగడుగులేస్తె రమాకాంత్ సేటు నగల దుకాణం. దాని మెట్ల పక్కన మూడడుగుల అరుగు. ఆ అరుగు మీద నలభై ఏండ్ల సంది సారయ్య చెక్కపెట్టె, కుంపటి, చిన్న దాకలి. తెగిన కొక్కేలు అతికిస్తడు, వదులైన మట్టెలు బిగిస్తడు, పసిపిల్లలకు చెవులు కుడతడు. లోపల హారాలు, వంకీలు చేసేది మేడమీది గదిల కూసునే బంగాలాయన. పేరు అనిసూర్. వచ్చి తొమ్మిదేండ్లయింది.

ఆ సోమవారం పొద్దున బెజ్జంకి నుంచి శైలజ అనే ఆమె తెగిన గొలుసు పట్టుకొని వచ్చింది. సారయ్య గొలుసు కొసలు రెండూ దగ్గరికి తెచ్చి, వెలిగారం అద్ది, ఊదుగొట్టం నోట్ల పెట్టుకున్నడు.

"తాతా, అతికిచ్చిన మాటు కనవడుతదా?" అన్నది శైలజ.

నోట్ల గొట్టం ఉన్నప్పుడు అవుసలాయనను మాట్లాడించే మనిషికి ఏం జవాబిస్తం?

"లోపల బంగాలాయన చేస్తె అసలే కనవడదట. మా తోటికోడలు చెప్పింది."

మంట ఒక్క వెంట్రుకంత పక్కకు పోయింది. కరిగిన మాటు ఆగాల్సిన కాడ ఆగక రెండో కడి మీదికి పాకి గడ్డ కట్టింది. సారయ్య ఆకురాయి తీసుకొని దాన్ని అరగదీసిండు. అరగదీసిన కొద్దీ ఆ జాగ గొలుసంతట్ల వేరేగ తేలింది. శైలజ గొలుసు తీసుకొని ఎండకు పట్టి చూసింది. అరుగు దిగింది, నాలుగు మెట్లెక్కి అద్దాల తలుపు తోసుకొని లోపలికి పోయింది.

సారయ్య అటు చూడనట్టు కుంపట్ల బూడిద కదిపిండు.

పదకొండింటికి సతీశ్ వచ్చిండు. స్వర్ణకారుల సంఘం అధ్యక్షుడు. వాళ్ల తాత సుత్తె పట్టిండు, నాయిన సుత్తె పట్టిండు, సతీశ్ మాత్రం ప్లాట్ల కాయితాలు పట్టిండు. అంతకుముందు ఆరేండ్లు మస్కట్ల ఉండి వచ్చిండు. ఆయన ఏ ముచ్చట చెప్పినా మస్కట్ మీదికెల్లి తిరిగి వస్తది. సుత్తె బరువెంతో తెల్వనోడు సుత్తెలోళ్ల సంఘానికి పెద్ద అయినందుకు సారయ్యకు ఆయనంటె సగం అసహ్యం, నల్లద్దాలు నెత్తి మీద పెట్టుకునేందుకు మిగిలిన సగం.

"పెద్దనాయినా, ఒక్క సంతకం గావాలె," అని సతీశ్ అరుగు మీద కూసున్నడు.

"ఏందది?"

"మన పొట్ట గొట్టెటోని సంగతి." సతీశ్ గొంతు తగ్గించి సెల్లు చూపెట్టిండు. తెరమీద రెండు కాయితాల ఫొటోలు. "ఇది అనిసూర్ గాని ఆధారు. తండ్రి పేరు ఖలీల్ మియా. ఇది ఇంకో కాయితం. దీంట్ల తండ్రి పేరు జబ్బార్ మియా. ఒక్కనికి ఇద్దరు నాయినలెట్ల ఉంటరు చెప్పు? ఇగ ఇటు చూడు." రెండు వేళ్లతోని ఫొటో పెద్దగ చేసిండు. ఇంగ్లీషు అక్షరాలు తెర నిండ పరుచుకున్నయి. "బంగ్లాదేశ్ అని సాఫ్ రాసుంది."

"నీకెక్కడియి ఇవి?"

"జిరాక్స్ దుకాణంల మనోడే. ఠాణల ఇచ్చే దరఖాస్తు తయారుంది. ఇరవై ఏడు మంది సంతకాలు పెట్టిన్రు. నువ్వు పెద్దమనిషివి, రోజూ వాన్ని చూసెటోనివి. మొదటి సంతకం నీది ఉండాలె, పైన జాగ ఇడిసిపెట్టినం."

"కండ్లార చూడంది, చెవులార విననిది నేను సంతకం పెట్ట."

అది న్యాయం మీద ప్రేమతోని అన్న మాట కాదు. సతీశ్ చెప్పంగనే తలూపెటోడు సారయ్య కాదని సతీశ్‌కు తెల్వాలె, అంతే.

"అయితె పోయి అడుగు," సతీశ్ నవ్విండు. "నిన్ను చాచా అంటడు గద. నీకైతె చెప్తడు."

*

మధ్యాహ్నం సారయ్య దుకాణం వెనుక మెట్లెక్కి మేడమీదికి పోయిండు. ఆ గదిలకు ఆయన పోక చానా ఏండ్లయింది.

అనిసూర్ కిటికీ కింద పీట మీద, ఒక మోకాలు మడిచి కూసున్నడు. ముప్పై మూడు, ముప్పై నాలుగేండ్లుంటయి. బక్క మనిషి. సారయ్యను చూడంగనే ముందల ఉన్న గొలుసు మీద గుడ్డ కప్పిండు. కప్పేలోపల సారయ్య చూసిండు. అది శైలజ గొలుసు. పొద్దున తను వేసిన మాటును అనిసూర్ కరిగించి తీసి మళ్లేస్తుండు.

తన ముందల పెట్టి సరిచేస్తె అవమానం. గుడ్డ కప్పుడు అంతకన్నా పెద్ద అవమానం. నువ్వు నన్ను చూసి జాలిపడేటంత పెద్దోనివైనవా?

"చాచా, కూసో. చాయ్ చెప్తా."

"చాయ్ వద్దు. నీది ఏ ఊరు?"

అనిసూర్ చేతిల పట్టకారు కింద పెట్టిండు. "కూచ్‌బిహార్ జిల్లా."

"అది నాకెర్క. మీ ఊరు ఇండియానా, బంగ్లాదేశా?"

కింద దుకాణంల ఎవరో తులం ధర అడుగుతున్నరు. అనిసూర్ లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చిండు. మసి పట్టిన ఇనుప పళ్లెం ముందలికి లాగి, దాని నడుమ ఒక ఉంగరం పెట్టిండు.

"చాచా, ఈ పళ్లెమంత ఇండియా అనుకో. ఈ ఉంగరం మా ఊరు. ఉంగరం లోపల జాగ బంగ్లాదేశ్‌ది. ఎప్పుడో రాజుల కాలంల గట్ల రాసుకున్నరట. చుట్టూ ఇండియానే."

"అసలు బంగ్లాదేశ్ ఎంత దూరం?"

"నాలుగు కిలోమీటర్లు. నడుమల మళ్ల ఇండియా. అటు పోవాలన్నా ఇండియాల నడవాలె. నడిస్తె, కాయితాలు లేకుండ వచ్చినవని పట్టుకుంటరు. కరెంటు తీగెలు మా ఇండ్ల మీదికెల్లి పోతుండె. మాకు కరెంటు లేదు. బడి లేదు, దవాఖాన లేదు. బంగ్లాదేశ్ నేను ఇప్పటిదాక చూడలే చాచా."

"మరి ఇద్దరు నాయినలేంది?"

అనిసూర్ తలెత్తిండు. ఆ సంగతి ఈయనకెట్ల తెల్సిందని అడగలే. అడిగుంటె ముచ్చట అక్కడనే ఆగుతుండె.

"బడిల పేరు రాయాలంటె తండ్రి ఇండియా మనిషి ఉండాలె. మా అమ్మ పక్క ఊరికి పోయిండు. ఖలీల్ మియా అని ఒకాయన ఉండె. కాళ్లు పట్టుకొని అడిగిండు, నా కొడుకుకు నీ పేరు పెట్టు అని."

తొమ్మిదేండ్ల సంది ఈ ఊరి నీళ్లు తాగుతుండు, తల్లి 'పోయిండు' అంటుండు. ఆడ మగ తేడా రాని నాలుక అని సారయ్య మనసుల ముక్కు విరిచిండు.

"బడిల చేర్చనీకె మా నాయిన గూడ వచ్చిండు. బయట నిలవడ్డడు. లోపల సారు తండ్రి ఎవరు అంటె ఖలీల్ మియా చెయ్యెత్తిండు. రెండువేల పదిహేనుల రెండు సర్కార్లు మాట్లాడుకొని ఊర్లు మార్చుకున్నయి. మా ఊరు ఇండియా అయింది. అప్పుడిచ్చిన కాయితం మీద ఒకప్పటి బంగ్లాదేశ్ ఊరు అని ఉంటది, నాయిన అసలు పేరు జబ్బార్ అని ఉంటది. నేను ఇండియా మనిషినైన కాయితం అదే. ఆధారుల పాత పేరే ఉండిపోయింది. మార్చాలంటె బడి కాయితం తెమ్మంటరు. బడి కాయితంల ఖలీల్ మియా." అనిసూర్ చిన్నగ నవ్విండు. "మా బిడ్డను ఈడ సర్కారు బడిల చేర్చిన. తండ్రి అనిసూర్ మియా. రాసింది ఒకటి, ఉన్నది ఒకటి కాని కాయితం మా ఇంట్ల అదొక్కటే."

"బడి కోసం నాయినను మార్చుకున్నవన్న మాట," అన్నడు సారయ్య.

అనిసూర్ ఉంగరాన్ని పళ్లెంలకెల్లి తీసి డబ్బిల వేసుకున్నడు. "చాచా, ఇది ఎవరికీ చెప్పకు."

సారయ్య తలూపిండా లేదా అన్నది ఆయనకే తెల్వదు. మెట్లు దిగేటప్పుడు మాత్రం ఆయన మనసుల ఉన్నది కూచ్‌బిహార్ కాదు, బంగ్లాదేశ్ కాదు. గుడ్డ కింద ఉన్న గొలుసు.

*

తెల్లారి మంగళవారం సతీశ్ దరఖాస్తు తెచ్చిండు. సారయ్య కండ్లద్దాలు తుడుచుకొని మొత్తం చదివిండు. తప్పులు దిద్దిండు. 'స్వర్ణకారుల' అన్న మాటల 'ర్ణ' కింద వత్తు సరిగ పడలేదని సతీశ్‌ను తిట్టిండు. సంతకాల పైన తన కోసం ఇడిసిన ఖాళీ జాగల తన చేతితోనే ఒక వాక్యం రాసిండు.

'తాను పుట్టిన ఊరు బంగ్లాదేశ్‌కు చెందినదని సదరు వ్యక్తి స్వయంగా నాతో చెప్పినాడు.'

ఒక్క అక్షరం అబద్ధం లేదు. దాని కింద సంతకం పెట్టి, పొడి సంతకం కాదని ఇంటిపేరుతో సహా పూర్తిగ రాసిండు.

"గట్టిగ రాసినవ్ పెద్దనాయినా," అని సతీశ్ కాయితం మడిచి జేబుల పెట్టుకున్నడు. "ఇరవై ఏడు మందిది ఒకెత్తు, ఇదొకెత్తు."

సాయంత్రం నాలుగింటికి మోటారు సైకిల్ మీద ఒక కానిస్టేబులు వచ్చిండు. అరవలే, ఎవరినీ కొట్టలే. ఎస్సై మేడం రమ్మంటుంది, కాయితాలు పట్టుకొని రమ్మన్నడు. అనిసూర్ ప్లాస్టిక్ సంచి ఒకటి ఛాతీకి పట్టుకొని మెట్లు దిగిండు. బజారు బజారంత బయటికొచ్చి నిలవడ్డది. ఎరువుల మందుల సేటు ఫోన్ల వీడియో తీసుకున్నడు. అరుగు పక్కకెల్లి పోతూ అనిసూర్ సారయ్య దిక్కు చూసిండు. సారయ్య ఒక మట్టెను దాకలి మీద పెట్టి కొడుతుండు. ఆ మట్టెకు కొట్టాల్సిన పని ఏం లేదు.

రమాకాంత్ సేటు అద్దాల తలుపు కాడికొచ్చి కానిస్టేబులుకు వినపడేటట్టు అన్నడు: "ఆయన మా మనిషి కాదు సార్. ఏదో పని ఇస్తె చేస్తడు, అంతే. ఎక్కడోడో మాకేం ఎర్క?"

ఆ మాటకు సారయ్యకే నవ్వొచ్చింది. తొమ్మిదేండ్లు వాని చేతుల మీద మేడ కట్టిండు, వాడు ఎక్కడోడో ఎర్క లేదట.

రాత్రి అన్నం ముందల కూసున్నప్పుడు సారయ్య సంగతంత భార్యకు చెప్పిండు. సిద్ధమ్మ పప్పు వడ్డిస్తూ విన్నది. ఆమె ముప్పై ఎనిమిదేండ్ల సంది ఆయన తిట్టే మనుషుల పేర్లన్నీ వింటుంది, ఎవరినీ ఎప్పుడూ సమర్థించలే.

"వాని మాటు మంచిగుందని వాని ఊరి మీద పడ్డవా?" అన్నది.

"నేను రాసింది నిజం."

"నిజమే రాస్తవ్. నీకేం తక్కువ." గరిటె గిన్నెల వేసి లోపలికి పోయింది.

*

అనిసూర్‌ను ఆ సాయంత్రమే పంపిచ్చిన్రు. జిరాక్సులు పెట్టుకొని అసలు కాయితాలు వాపస్ ఇచ్చిన్రట, వాళ్ల జిల్లాకు రాసి కనుక్కుంటమన్నరట. ఇవన్నీ బుధవారం బజారుల తిరిగిన ముచ్చట్లు. ఠాణల పని అంతటితోనే అయిపోయింది. బయట పని అప్పుడు మొదలైంది. ఇంటి ఓనరు, బంధువులు వస్తున్నరు గది ఖాళీ చెయ్యమన్నడు. ఏ బంధువులని అడిగితె, వస్తె తెలుస్తదన్నడట. రమాకాంత్ సేటు, గొడవ సల్లవడ్డంక రమ్మన్నడు. గొడవ ఎప్పుడు సల్లవడుతదో చెప్పలే.

ఆ మధ్యాహ్నమే సేటు అరుగు కాడికొచ్చిండు. "సారయ్యా, పైకి రావయ్యా. పెండ్లోళ్ల పని ఒకటి సగంల ఉంది."

సారయ్య పెట్టె మూసి, భుజం మీద తువ్వాల దులుపుకొని, తొందర లేనట్టు లేచిండు. కిటికీ కింద పీట మీద కూసున్నడు. అది ఆయనకు కొంచెం కిందికున్నది. మెత్త తెప్పించుకున్నడు.

ముందల మామిడిపిందెల హారం. పద్దెనిమిది పిందెలల్ల పన్నెండు అయినయి, ఆరు మిగిలినయి. సారయ్య ఒక పిందె తీసుకొని ముందు దిక్కు చూడలే. ముందు దిక్కు ఎవడైనా మంచిగ చేస్తడు. భూతద్దం పెట్టి వెనుక దిక్కు చూసిండు. అక్కడ దొంగతనం దొరుకుతది. మాటు పొంగి ఉంటది, గీతలుంటయి, అరగదియ్యని అంచులుంటయి.

ఏం లేవు.

రెండోది తీసిండు. మూడోది తీసిండు. పన్నెండు పిందెల వీపులూ చూసిండు. ఏ ఆడమనిషీ ఎన్నడూ తిప్పి చూడని జాగను కూడ ఆ చెయ్యి ముందు లెక్కనే చేసింది. సారయ్య భూతద్దం కింద పెట్టి, బంగాలోళ్లకు వేరే పని లేదు, గందుకే గింత టైము అనుకున్నడు. ఆ తిట్టుల ఉప్పు లేదని ఆయనకే తెల్సింది.

రెండు రోజులు కూసొని ఆరు పిందెలు చేసిండు. చూపు ఆనలే, రెండుసార్లు మాటు పక్కకు పాకింది. గురువారం సాయంత్రం సేటు వచ్చి పద్దెనిమిది పిందెలు నల్లగుడ్డ మీద వరుసగ పరిచిండు. ముద్ర లేకపోతె ఇత్తడికీ బంగారానికీ తేడా తెల్వని ఆ మొకం కూడ ఒక్క చూపుల ఆరింటిని పక్కకు జరిపింది.

"ఇవి మెడ వెనుకకు పోయేటట్టు కట్టు సారయ్యా," అన్నడు మెల్లగ. "జడ కింద కనవడయి."

*

శుక్రవారం సతీశ్ బావమరిది కొత్త నగల దుకాణం మొదలువెట్టిండు. అసొంటిది ఒకటి వస్తుందని సారయ్యకు కార్డు చేతికొచ్చినంకనే తెల్సింది. మెదక్ రోడ్డు మీద, రెండు షట్టర్ల దుకాణం, బయట బంతిపూల దండలు, లోపల కొత్త రంగు వాసన. సంఘం పెద్దమనిషని సతీశ్ సారయ్యకు శాలువ కప్పి ఫొటో దిగిండు.

"లోపల కూడ చూద్దువు రా పెద్దనాయినా."

వెనుక గదిల కిటికీ లేదు. ట్యూబులైటు కింద కొత్త పీట. పీట మీద అనిసూర్.

సారయ్య గుమ్మంలనే ఆగిండు. అనిసూర్ తలెత్తి చూసిండు. చాచా అనలే. దీపం కొంచెం తన దిక్కు జరుపుకొని మళ్ల పనిల పడ్డడు. గోడ పొంట ఒక చాప, దాని మీద మూటలు, స్టవ్వు. ఆయన భార్య కాబోలు, మొకం అటు తిప్పుకొని బియ్యం ఏరుతుంది.

సతీశ్ సారయ్యను ముందల గదిలకు తోలుకొచ్చి గొంతు తగ్గించిండు. "ఇల్లు పోయిందని బజార్ల తిరుగుతుంటె నేనే ఆటో పెట్టి తోలుకొచ్చిన. ఉండనీకె జాగ ఇచ్చిన. రమాకాంత్ సేటు ఇచ్చిన దాంట్ల సగానికి చేస్తుండు."

"మరి బంగ్లాదేశోడంటివి?"

"ఆ దరఖాస్తు అట్లనే ఠాణల ఉంటది. వీడు మంచిగ పనిచేసినన్ని రోజులు మనం దాన్ని కదపం. వీని కాయితాలు మా లాకర్ల ఉన్నయి." సతీశ్ నల్లద్దాలు సర్దుకున్నడు. "మస్కట్ల మా అర్బాబ్ నా పాస్‌పోర్టు ఆరేండ్లు గిట్లనే పెట్టుకున్నడు. యజమానంటె ఆడ అర్బాబ్ అంటరు. ఏడ్చిన, మొక్కిన, ఇయ్యలే. అప్పుడు తిట్టుకున్న గని, పని చేయించుకునుడంటె అదే పెద్దనాయినా. ఆడ నేర్చుకున్నదే ఈడ పనికొస్తుంది."

ఆ మాట సిగ్గుతోని చెప్పలే, చదువు పూర్తి చేసుకొచ్చినోని లెక్క చెప్పిండు. బయట ఎవరో పిలిస్తె నవ్వుకుంట పోయిండు. సారయ్యకు సతీశ్‌ను ఇన్నేండ్లు తక్కువ అసహ్యించుకున్నననిపించింది. నల్లద్దాలకు, సుత్తె పట్టనందుకు అసహ్యించుకున్నడు. మనిషిని చూడనే లేదు. ఆ తర్వాత ఇంకో సంగతి తట్టింది. మొదటి సంతకం ఎవరిది?

శాలువ మడిచి కుర్చీ మీద పెట్టి, లడ్డు ముట్టకుండ ఇంటికి పోయిండు.

*

శనివారం పొద్దున ఆయన పెట్టె తెరవలే. ఠాణకు పోయిండు. ఎస్సై మేడం టేబుల్ మీద ఫైళ్లు చూస్తుంది. ముప్పై ఏండ్లు కూడ ఉండయి. ఈ పిల్లకేం తెలుస్తదని గుమ్మంల నిలవడి ఒకసారి అనుకున్నడు. అలవాటు.

"మేడం, నేను ఒక సంతకం పెట్టిన. సగమే రాసిన. మిగిలిన సగం రాయనీకె వచ్చిన."

ఆమె కూసోమన్నది. పళ్లెం, ఉంగరం, బడి, ఇద్దరు నాయినలు, అన్నీ చెప్పిండు. ఆమె నడుమల ఆపలే. అయినంక ఫైలు తెరిచి ఒక కాయితం తిప్పింది.

"ఇది మాకు తెలుసు పెద్దాయనా. వాళ్ల జిల్లా నుంచి బుధవారమే జవాబొచ్చింది. ఆయన ఇండియా మనిషే. మేం దరఖాస్తు మూసేసినం."

"మూసేసిన్రా? ఆయనకు తెల్వది గద మేడం!"

"ఆయన నంబరు కలవలే. మీ అధ్యక్షునికి చెప్పినం. నేనే చెప్తనన్నడు."

సారయ్య వేళ్ల మీద దినాలు లెక్కవెట్టిండు. బుధవారం. బుధవారమే తెలిసి, ఆటో పెట్టి తోలుకొచ్చిండు.

"మీరు కొత్తగ రాసేదేం లేదు, పోండ్రి," అన్నది ఆమె.

"నాకు ఒక తెల్లకాయితం ఇయ్యిండ్రి మేడం."

ఒక గంట కూసొని రాసిండు. అనిసూర్ నమ్మి చెప్పిన మాటను తను అసూయతోని సగం కోసి రాసిననని రాసిండు. 'అసూయ' అన్న మాట కాడ పెన్ను ఆగింది. వేరే మాట కోసం చూసిండు, దొరకలే. అదే ఉంచిండు. ఎస్సై మేడం అది తీసుకొని, దరఖాస్తు మూసేసినట్టున్న కాయితం నకలు ఒకటి చేతిల పెట్టింది.

కొత్త దుకాణంల జనం మంచిగనే ఉన్నరు. సతీశ్ బావమరిది వంకీలు చూపెడుతుండు. సారయ్య నకలు కాయితం అద్దాల బల్ల మీద, వంకీల పక్కన పెట్టిండు.

"ఆయన కాయితాలు ఇయ్యి సతీశ్."

"ఏందిది పెద్దనాయినా? లోపల మాట్లాడుదాం రా."

"బుధవారం నీకు ఫోనొచ్చింది. చెప్పలే. ఆయన కాయితాలు లాకర్ల పెట్టుకున్నవ్." నలభై ఏండ్లు ఊదుగొట్టం ఊదిన గొంతు అది, రోడ్డు దాక వినవడ్డది. కొననీకె వచ్చినోళ్లు వంకీలు ఇడిసి తిరిగి చూసిన్రు. "ఇస్తవా, ఎస్సై మేడంను రమ్మందునా?"

సతీశ్ మొకం ఎర్రగైంది, వెంటనే నవ్వు తెచ్చుకున్నడు. "నాదేముంది? భద్రంగ ఉంటయని పెట్టిన." లాకరు తీసి ప్లాస్టిక్ సంచి బల్ల మీదికి తోసిండు. "పెద్ద నీతిమంతునివి. మొదటి సంతకం ఎవనిదో చెప్పు మరి ఆయనకు!"

"నాదే," అన్నడు సారయ్య.

అనిసూర్ అప్పటికే వెనుక గది గుమ్మంలకొచ్చి నిలవడ్డడు. అన్నీ విన్నడు. బల్ల కాడికొచ్చి నకలు కాయితం కొననీకె వచ్చిన ఒకామెతోని చదివించుకున్నడు, సంచిల కాయితాలు ఒక్కొక్కటి చూసుకున్నడు. లోపలికి పోయి పావుగంటల పనిముట్ల డబ్బి, మూటలు, స్టవ్వు తెచ్చిండు. వెనుక భార్య, ఆమె చేయి పట్టుకొని బడి బట్టల బిడ్డ.

సారయ్య వాళ్ల వెంట రోడ్డు మీదికొచ్చిండు. మనసుల రాత్రంత అనుకున్నది అనేసిండు.

"నా అరుగు మీద జాగ ఉంది. పక్కన కూసో. పని నీదే, పేరు నీదే. ఈ బజారుల ఎవడు ఏమంటడో నేను చూస్త."

అనిసూర్ మూట కింద పెట్టిండు. తొమ్మిదేండ్లల్ల మొదటిసారి సారయ్యను చాచా అనకుండ మాట్లాడిండు.

"నువ్వు మొదటిసారి రాసింది నిజమే. ఇయ్యాల రాసింది గూడ నిజమే అయ్యుంటది. రెండుసార్లూ రాసేముందు నన్ను అడగలే." ఆయన గొంతుల కోపం లేదు. బాగుచెయ్యరాని నగను చూసి పక్కకు పెట్టేటప్పుడు ఉండే చూపు అది. సారయ్య ఆ చూపుతోనే ఎంతోమందిని చూసిండు. తన మీదికి అది రావుడు ఇదే మొదలు. "నీ పక్కనా?" అన్నడు అనిసూర్, అంతే. మూట భుజానికెత్తుకొని ఆటోను ఆపిండు. బిడ్డ ముందల ఎక్కింది.

సోమవారం సారయ్య అరుగు మీద పెట్టె తెరిచిండు. ఎరువుల మందుల సేటు దిక్కు చూసిండు గని, ఏం అనుకోబుద్ధి కాలే. పదింటికి ఒకామె వర్గల్ నుంచి మట్టెలు బిగించుకోనీకె వచ్చింది. పేరు ప్రసూన. కాలు అరుగు మీద పెట్టి, మేడమీది కిటికీ దిక్కు చూసింది.

"ఇక్కడ బంగాలాయన ఉంటుండె గద. ఉన్నడా?"

"పోయిండు."

"అయ్యో, హారం చేయిద్దామనుకుంటి. ఏ ఊరికి పోయిండు?"

సారయ్య మట్టెను దాకలి మీద సర్ది సుత్తె ఎత్తిండు.

"నేను అడగలే," అన్నడు.